పని జరిగిందో లేదో తెలియని చోట

కోల్డ్ స్టోరేజీల్లో, పంపుహౌసుల్లో, ఫ్యాక్టరీల్లో కంప్యూటరూ కంట్రోలరూ మాట్లాడుకునే పద్ధతుల్లో ఈనాటికీ విరివిగా కనిపించేది మాడ్‌బస్. 1979లో మాడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ కంట్రోలర్ల) కోసం తయారుచేసింది. రెండు తీగల మీద గుప్పెడు బైట్లతో నడిచిపోతుంది. నేర్చుకోవడం కష్టమేం కాదు. దాని మీద ఒక లైబ్రరీ రాసి నలుగురి చేతా వాడించాలంటే మాత్రం అసలు శ్రమంతా ఒక్క చోటే ఉంటుంది: పని చెడినప్పుడు, వాడేవాళ్ల ప్రోగ్రాముకి ఏమని చెప్పాలి?

అలాంటి లైబ్రరీ ఒకటి రాస్తున్న ప్రోగ్రామర్ ఆమె. ఉండేది హైదరాబాద్‌లో. ఆయన గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ప్యానెళ్లు బిగించి, నడిపించి, చెడితే అర్ధరాత్రయినా వెళ్లే కమిషనింగ్ ఇంజినీరు. ఎర్రర్ల భాగం ఎలా ఉండాలన్న దాని మీద ఇద్దరికీ పొసగలేదు. ఆ వాదన ఇది.

ఆమె: డిజైన్ ఇదీ సార్. అన్నిటికీ పైన ఒక మూల క్లాసు. దాని కింద పోర్టు తెరుచుకోకపోతే ఒకటి, టైమవుట్‌కి ఒకటి, బైట్లు దారిలో చెడ్డాయేమో పట్టించే సీఆర్‌సీ తప్పితే ఒకటి, పరికరం తిప్పి పంపే ఒక్కో ఎక్సెప్షన్ కోడ్‌కి ఒక్కోటి. ఏ కారణానికి ఆ క్లాసు. కావలసినవాళ్లు విడివిడిగా పట్టుకుంటారు, అక్కర్లేనివాళ్లు మూల క్లాసు ఒక్కటి పట్టుకుంటారు.

ఆయన: మొత్తం ఎన్ని అయ్యాయమ్మా?

ఆమె: ఇరవై దాటాయి.

ఆయన: అన్ని ఏం చేసుకోను? నాకు కావలసిన సంగతులు మూడు. నేను పంపిన కమాండ్ అసలు బయటికే వెళ్లలేదా? వెళ్తే యంత్రం కుదరదందా? లేకపోతే వెళ్లిందో, చేసిందో, ఏమీ తెలీదా? ఈ మూడింట్లో ఏదో చెప్పు. తర్వాత కారణం చెబుదువు గాని.

ఆమె: కారణం తెలియకుండా రిపేరు ఎలా చేస్తారు?

ఆయన: రిపేరు నేను రేపొచ్చి చేస్తాను. ప్రోగ్రాము ఇప్పుడు, ఈ క్షణంలో ఏదో ఒకటి చెయ్యాలి కదా. కంప్రెసర్ స్టార్ట్ చెయ్యమని నీ లైబ్రరీ ఫంక్షన్ 05 పంపిందనుకో. కంట్రోలర్ అందుకుంది, కాయిల్ ఆన్ చేసింది, కాంటాక్టర్ లాగింది, మోటారు తిరిగింది. ఇప్పుడు జవాబుగా ఏమొస్తుంది? నువ్వు పంపిన ఎనిమిది బైట్లే మళ్లీ నీకు వస్తాయి. అవి వచ్చే దారిలో మోటారు కేబుల్ నుంచి నాయిస్ పడి ఒక బిట్టు మారింది. నీ లైబ్రరీ ఏమంటుంది?

ఆమె: సీఆర్‌సీ ఎర్రర్ అంటుంది.

ఆయన: దాన్ని పట్టుకున్నవాడు ఏమనుకుంటాడు?

ఆమె: కమాండ్ ఫెయిలయిందని.

ఆయన: మోటారు తిరుగుతోందమ్మా. వాడు ఫెయిలయిందనుకుని స్టాండ్‌బై కంప్రెసర్ కూడా స్టార్ట్ చేస్తాడు. నీ క్లాసు అబద్ధం చెప్పలేదు, సీఆర్‌సీ నిజంగానే తప్పింది. కానీ వాడికి తెలియాల్సిన సంగతి అది కాదు.

ఆమె: ఒప్పుకుంటాను. అయితే టైమవుట్, సీఆర్‌సీ ఈ రెండూ ‘తెలీదు’లో పడతాయి. పరికరం స్వయంగా తిప్పి పంపిన ఎక్సెప్షన్లు మాత్రం కచ్చితంగా ‘కుదరదు’ కిందికే వస్తాయి కదా.

ఆయన: కోడ్లు ఒక్కొక్కటీ తీసి చూడు. 02 అంటే ఆ అడ్రసు నా దగ్గర లేదని. 03 అంటే ఆ విలువ పనికిరాదని. ఇవి కచ్చితమైన తిరస్కారాలు, యంత్రం కదల్లేదు. 06 అంటే ఇప్పుడు ఖాళీ లేదు, కాసేపాగి రమ్మని. మరి 05? అందింది, మొదలుపెట్టాను, టైం పడుతుంది అని. అది తప్పే కాదు. 04 చూడు. అడిగిన పని చెయ్యబోతూ ఉండగా పరికరంలో ఏదో చెడిందని దాని అర్థం. ఎంతవరకు చేసి చెడింది?

ఆమె: ...తెలీదు.

ఆయన: తెలీదు. మధ్యలో గేట్‌వే ఉంటే పదకొండో కోడ్ వస్తుంది, అవతలి పరికరం నుంచి జవాబు లేదని. అదీ ‘తెలీదు’లోకే. కారణాల చెట్టు ఒక రకంగా కొమ్మలేస్తుంది, యంత్రం స్థితి ఇంకో రకంగా ఉంటుంది. ఒక దాన్నుంచి ఇంకోటి వాడేవాడే తేల్చుకోవాలంటే ప్రతివాడూ మాడ్‌బస్ స్పెసిఫికేషన్ చదవాలి. అది చదవక్కర్లేకుండా చెయ్యడానికే కదా లైబ్రరీ ఉన్నది?

ఆమె: చదివే ఫంక్షన్లకి ఇదంతా అనవసరం సార్. రీడ్ వల్ల యంత్రంలో ఏదీ మారదు. విలువ వచ్చిందా, రాలేదా, అంతే. అన్నిటికీ మూడు గదులు కడితే సులువైన పని కూడా బరువవుతుంది. లైబ్రరీ వాడే పదిమందిలో తొమ్మిదిమంది చదవడానికే వాడతారు. వాళ్లని మీ కంప్రెసర్ కోసం ఇబ్బంది పెట్టను.

ఆయన: చదివితే చెరిగిపోయే రిజిస్టర్లున్న చిప్పులు కూడా ఉన్నాయి. సరే, వాటిని పక్కన పెడదాం. మామూలు రీడ్‌లోనే ఒక గోతి ఉంది. సున్నా నంబరు రిజిస్టర్ అడిగావు, అది గది ఉష్ణోగ్రత. అర సెకను చూశావు, జవాబు రాలేదు, టైమవుట్ అన్నావు. వెంటనే అదే పరికరాన్ని నూరో నంబరు రిజిస్టర్ అడిగావు, అది సక్షన్ ప్రెషర్. ఈలోపు మొదటి ప్రశ్నకి జవాబు తీరిగ్గా వచ్చింది. ఆ జవాబులో ఏముంటాయో చెప్పు.

ఆమె: పరికరం నంబరు, ఫంక్షన్ 03, బైట్ల లెక్క, విలువలు, సీఆర్‌సీ.

ఆయన: ఏ రిజిస్టర్ నుంచి చదివిందో ఉందా?

ఆమె: సీరియల్ తీగ మీద నడిచే ఆర్‌టీయూ రకంలో లేదు.

ఆయన: లేదు. నంబరు సరిపోయింది, ఫంక్షన్ సరిపోయింది, లెక్క సరిపోయింది, సీఆర్‌సీ చక్కగా సరిపోయింది. ఉష్ణోగ్రతని ప్రెషర్ అని చేతిలో పెడతావు. అక్కడితో ఆగుతుందా? ప్రెషర్‌కి వచ్చిన అసలు జవాబు బఫర్‌లో కూర్చుని మూడో ప్రశ్నకి అంటుకుంటుంది, మూడోది నాలుగోదానికి. ఒక్క టైమవుట్‌తో వరుసంతా ఒక మెట్టు జరుగుతుంది. ఆ తర్వాత ఎక్కడా ఎర్రర్ రాదు. స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉంటాయి.

ఆమె: నెట్‌వర్క్ మీద నడిచే మాడ్‌బస్ టీసీపీలో ఈ బెడద లేదు. ప్రతి ప్రశ్నకీ రెండు బైట్ల ట్రాన్సాక్షన్ నంబరుంటుంది, జవాబులోనూ అదే రావాలి. ఆర్‌టీయూలో దీనికి మందు ఒక్కటే. టైమవుటయ్యాక ఇంకొంత సేపు లైను వినాలి, వచ్చినదాన్ని పారబొయ్యాలి, అప్పుడు తర్వాతి ప్రశ్న పంపాలి. లిబ్‌మాడ్‌బస్ అనే లైబ్రరీలో ఇది ఉంది సార్. ఎర్రర్ రికవరీలో లింక్ అనే ఐచ్ఛికం పెడితే, రెస్పాన్స్ టైమవుట్ అంత సేపు ఆగి, బఫర్ కడుగుతుంది. కాకపోతే అడిగితేనే చేస్తుంది, తనంతట తాను చెయ్యదు.

ఆయన: నీ దాంట్లో?

ఆమె: ఆర్‌టీయూకి ఎప్పుడూ చేసేలా పెడతాను. ఆపుకోవడానికి వీలుండదు.

వాదనలో ఇంతవరకూ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే. ఎర్రర్ హ్యాండ్లింగ్ అంటే జరిగినదాన్ని సరిగ్గా రిపోర్ట్ చెయ్యడమని చాలామంది అనుకుంటారు. యంత్రంతో మాట్లాడే చోట అది రెండో పని. తీగ మీద మిగిలిన చెత్త ఊడ్చి, తర్వాతి మాట శుభ్రంగా మొదలయ్యేలా చూడడం మొదటి పని. అది చెయ్యని లైబ్రరీ ఎంత మంచి క్లాసులతో ఎర్రర్లు విసిరినా, దాని తర్వాతి విలువని నమ్మడానికి లేదు.

ఆమె: ఇంకో సంగతి. ట్రై-క్యాచ్‌లు రాయలేని చిన్న ప్రాజెక్టులవాళ్ల కోసం సులువు ఫంక్షన్లు కొన్ని పెట్టాను. ఉష్ణోగ్రత అడిగితే ఒక అంకె ఇస్తుంది. చదవలేకపోతే అసాధ్యమైన అంకె ఇస్తుంది, చూడగానే తెలిసిపోయేలా.

ఆయన: ఎవరు చూడగానే?

ఆమె: అంటే?

ఆయన: మనిషి చూస్తే తెలుస్తుంది. ప్రోగ్రాముకి కళ్లెక్కడివి? డీఎస్18బీ20 సెన్సార్ తెలుసుగా. ఆర్డుయినోలో దాన్ని చదివే డల్లాస్ లైబ్రరీ, సెన్సార్ ఊడిపోతే మైనస్ 127 ఇస్తుంది. గదిలో నాలుగు సెన్సార్లున్నాయనుకో. మూడు 5 డిగ్రీలు చెబుతున్నాయి, నాలుగోది ఊడింది. సగటు తీసి చూడు.

ఆమె: పదిహేనులోంచి నూట ఇరవై ఏడు తీస్తే మైనస్ 112. నాలుగో వంతు మైనస్ 28.

ఆయన: గది గడ్డకట్టిందనుకుని కంట్రోల్ లూప్ కంప్రెసర్ ఆపేస్తుంది. లోపల సరుకు మెల్లగా వేడెక్కుతుంది. మైనస్ 127 కొంత నయం, ఆ సెన్సార్ కొలవగలిగింది మైనస్ 55 నుంచి 125 వరకే కాబట్టి హద్దు పెట్టి పట్టుకోవచ్చు. అదే సెన్సార్ కరెంటు రాగానే, మొదటి కొలత పూర్తవకముందే చదివితే 85 అంటుంది. 12 బిట్ల కొలతకి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, ఆలోపు అడిగితే రిజిస్టర్‌లో మొదట ఉండే అంకె అది. 85 హద్దుల్లోనే ఉంది. కోల్డ్ స్టోరేజీలో అది అసాధ్యం, బాయిలర్ నీళ్లలో నిజం.

ఆమె: అంటే ఎర్రర్‌ని విలువ వచ్చే దారిలో పంపకూడదంటారు.

ఆయన: ఎప్పుడూ పంపకూడదు. 1996 జూన్ 4న కురూ నుంచి లేచిన ఏరియన్ 5 తొలి రాకెట్ సంగతి చూడు. 64 బిట్ల అంకెని 16 బిట్లలో కుదించబోతే పట్టలేదు. దాన్ని పట్టుకునే కోడ్ లేదు. దిశ చెప్పే కంప్యూటర్లు, స్టాండ్‌బైదీ అసలుదీ, రెండూ ఆగిపోయాయి. ఆగిపోతూ అసలుది ఏం చేసింది? తన జబ్బు వివరాలు డేటా బస్ మీద పెట్టింది. అవతలి కంప్యూటర్ ఆ బిట్లని ప్రయాణపు లెక్కలనుకుని నాజిళ్లని చివరికంటా తిప్పేసింది. ఇంజిన్ వెలిగించే వరుస మొదలైన దగ్గర్నుంచి సుమారు 37 సెకన్లకి ముప్పు మొదలైంది, కాసేపట్లోనే రాకెట్ ముక్కలైంది. ఎర్రర్ దాచలేదు, చెప్పింది. చెప్పకూడని దారిలో చెప్పింది.

ఆమె: ఆ విచారణ నివేదిక నేనూ చదివాను సార్. మీరు అందులో సగమే చెబుతున్నారు. ఏ సెన్సారైనా తనకు చేతనైనంత మంచి డేటా పంపడం మానకూడదని కూడా ఆ బోర్డు సిఫార్సు చేసింది. తప్పు దొరగ్గానే నోరు మూసుకోవడం కూడా తప్పేనని వాళ్లు తేల్చారు. మీ మాట ప్రకారం సందేహం వచ్చిన ప్రతిసారీ విలువ ఆపేసి ఎర్రర్ విసిరితే, పై ప్రోగ్రాము గుడ్డిదవుతుంది. పది సెకన్ల కిందటి 5 డిగ్రీలన్న కొలత ఉంది. అది పాతదని చెప్పి ఇవ్వచ్చు కదా?

ఆయన: పాతదని చెప్పి ఇస్తే నాకు అభ్యంతరం లేదు.

ఆమె: ఓపీసీ యూఏ ప్రమాణంలో చేసిందదే. ప్రతి విలువతో పాటు దాని స్థితి, కొలిచిన సమయం కలిసే వస్తాయి. స్థితి మూడు రకాలు: మంచిది, అనుమానం, చెడ్డది. అనుమానంలోనే, ఇది చివరిసారి పనికొచ్చిన విలువ అని చెప్పే కోడ్ కూడా ఉంది. నేను సులువు ఫంక్షన్ తీసెయ్యను. అంకెకి బదులు విలువ, స్థితి, సమయం మూడూ కలిసిన చిన్న నిర్మాణం ఇస్తాను. స్థితి చూడకుండా అంకె బయటికి తియ్యలేని విధంగా రాస్తాను.

ఆయన: తియ్యలేని విధంగా అంటే?

ఆమె: సీ ప్లస్ ప్లస్‌లో అయితే, స్థితి ఏదైతే ఏం చెయ్యాలో మూడు దారులూ రాస్తే తప్ప విలువ చేతికిరాదు. పైథాన్‌లో అంత గట్టిగా కుదరదు. స్థితి మంచిది కానప్పుడు అంకెలా వాడబోతే ఎక్సెప్షన్ లేస్తుంది. రిటర్న్ కోడా, ఎక్సెప్షనా అన్న తగువు భాషకో రకంగా తేలుతుంది, దాని మీద టైం ఖర్చు పెట్టను.

ఆయన: మంచిది. ఇప్పుడు రీట్రై గురించి. నీ లైబ్రరీ లోపల మూడుసార్లు మళ్లీ ప్రయత్నిస్తోందట.

ఆమె: అవును. నాయిస్ వల్ల ఒక్క ఫ్రేము పోతే వాడేవాడిని నిద్రలేపడం ఎందుకు? ప్రతి చిన్న తడబాటుకీ అలారం మోగితే ఆపరేటర్లు అలారమే కట్టేస్తారు. అది మీరు నాకంటే ఎక్కువ చూసుంటారు.

ఆయన: చూశాను, కాదనను. లెక్క కూడా చూడు. 9600 వేగంలో బైటుకి 11 బిట్లు. ప్రశ్న ఎనిమిది బైట్లు, రెండు రిజిస్టర్ల జవాబు తొమ్మిది. తీగ మీద ఇరవై మిల్లీసెకన్లు. ఒక లైను మీద ముప్పై రెండు పరికరాలుంటే, అన్నీ చలాకీగా జవాబిస్తే, ఒక చుట్టు సెకను లోపే తిరుగుతుంది. ఒక పరికరానికి కరెంటు పోయింది. నీ టైమవుట్ అర సెకను, మొదటిది కాక మూడు రీట్రైలు. దాని ఒక్కదానికే రెండు సెకన్లు. మిగతా ముప్పై ఒక్కటీ బతికుండి కూడా ప్రతి చుట్టులో దానికోసం వేచి ఉంటాయి. పై ప్రోగ్రాముకి ఎందుకు నెమ్మదించిందో తెలీదు, నువ్వు చెప్పవు కాబట్టి.

ఆమె: చెబుతాను. ఎన్నోసారికి జవాబొచ్చిందో ఫలితంలోనే పెడతాను.

ఆయన: అది పెడితే నీ రీట్రై నాకు బంగారం. రోజూ సున్నా ఉండే రీట్రై ఈ వారం నలభై అయిందంటే, ఎక్కడో టెర్మినల్ స్క్రూ వదులైంది, లేదా చివర 120 ఓమ్‌ల రెసిస్టర్ ఎవరో పీకారు. పూర్తిగా పడిపోకముందే వెళ్లి బిగిస్తాను. మాడ్‌బస్ చేసినవాళ్లే ఫంక్షన్ 08లో బస్ ఎర్రర్ల లెక్క అడిగే వీలు పెట్టారు. దాన్ని ఎవరూ వాడరు.

ఆమె: రీడ్‌కి మాత్రం రీట్రై, రైట్‌కి మామూలుగా లేదు. ఇది ఖాయం చేద్దాం.

ఆయన: రైట్‌కి అస్సలు వద్దు.

ఆమె: అస్సలు అంటే ఒప్పుకోను. సెట్ పాయింట్‌ని 4 డిగ్రీలు చెయ్యమని రెండుసార్లు చెప్పినా 4 డిగ్రీలే. దానికి రీట్రై ఎందుకు ఆపాలి?

ఆయన: ఆ రిజిస్టర్ సెట్ పాయింటో, ప్రతి రైట్‌కీ ఒక మెట్టు పైకెక్కే రిజిస్టరో లైబ్రరీకి ఎలా తెలుస్తుంది? తీగ మీద రెండూ ఫంక్షన్ 06 లాగే ఉంటాయి.

ఆమె: తెలీదు. వాడేవాడే చెప్పాలి. సరే, మళ్లీ పంపినా ఫరవాలేదని వాడేవాడు రాసి ఇస్తేనే చేస్తాను.

ఇక ఎర్రర్‌లో ఏం రాయాలన్న చోట ఇద్దరూ తొందరగానే కలిశారు, కానీ ఆయన అడిగిన వివరం రాసుకోదగ్గది. ‘టైమవుట్’ అని ఊరుకుంటే సైటులో ఉన్నవాడికి ఏ దారీ దొరకదు. తొమ్మిది బైట్లు రావాల్సిన చోట సున్నా వస్తే కరెంటు, అడ్రసు, బాడ్ రేటు, ఎ-బి తీగల తారుమారు చూసుకోవాలి. నాలుగొచ్చి ఆగితే నాయిస్, లేదా ఒకే నంబరుతో రెండు పరికరాలు. 83 తర్వాత 02 వస్తే తీగలో ఏ లోపమూ లేదు. 03కి పై బిట్టు వెలిగి 83 అయింది, పరికరం చక్కగా విని అడ్రసు లేదంది. చాలాసార్లు అది మాన్యువల్‌లో 40001 అని రాసినదాన్ని తీగ మీద సున్నాగా పంపాలని తెలియక ఒకటి తేడాతో అడగడమే. కాబట్టి ఎర్రర్ వస్తువులో పోర్టు, పరికరం నంబరు, రిజిస్టర్, పంపిన బైట్లు, వచ్చిన బైట్లు, ఎంతసేపు చూశాం, అన్నీ ఉండాలి.

ఆమె: వాక్యంతో పాటు మారని నంబరు కూడా ఇస్తాను. ఎర్రర్ వాక్యంలో మాట వెతికి కోడ్ రాసేవాళ్లుంటారు, వాక్యం దిద్దితే వాళ్ల ప్రోగ్రాము ఆగిపోతుంది. ఫోన్‌లో చెప్పడానికీ నంబరే సులువు. లిబ్‌మాడ్‌బస్‌లో ఒక మంచి పద్ధతుంది. ఫంక్షన్ మైనస్ 1 ఇస్తుంది, కారణం ఎర్నో అనే వేరియబుల్‌లో పెడుతుంది. పరికరం చెప్పిన కోడ్లు ఆపరేటింగ్ సిస్టం నంబర్లతో కలిసిపోకుండా 112345678కి కలిపి పెడుతుంది. 02 వస్తే 112345680. చూడగానే ఇది పరికరం మాటా, కంప్యూటర్ మాటా తెలుస్తుంది.

ఆయన: ఆ ఎర్నోని వెంటనే దాచుకోవాలి. మధ్యలో లాగ్ ఫైల్‌కి ఒక లైను రాస్తే చాలు, అది మారిపోవచ్చు.

ఆమె: అందుకే నేను ఎర్రర్ వస్తువులోనే పెడుతున్నాను. ఇంకొకటి, ఒకేసారి 126 రిజిస్టర్లు అడిగితే తీగ మీదికి పంపనే పంపను. హద్దు 125. అది ప్రోగ్రామర్ తప్పు, యంత్రానిది కాదు. మీ మూడు గదుల్లో మొదటిది: వెళ్లలేదు.

ఆయన: బాగుంది. మరి మూడో గదిలో పడ్డ రైట్ సంగతి? ‘తెలీదు’ అని చెప్పావు. తర్వాత?

ఆమె: తర్వాత లైబ్రరీయే ఆ కాయిల్‌ని చదివి చూస్తుంది. ఆన్ ఉంటే జరిగింది, లేకపోతే జరగలేదు. ‘తెలీదు’ని అక్కడే తేల్చేస్తాను.

ఆయన: స్టార్ట్ కాయిల్స్ చాలా చోట్ల పల్స్‌వమ్మా. ఆన్ అయ్యి, స్టార్టర్ లాచ్ అవగానే పీఎల్‌సీ దాన్ని మళ్లీ సున్నా చేస్తుంది. నువ్వు చదివితే సున్నా కనిపిస్తుంది, జరగలేదంటావు. మోటారు తిరుగుతుంటుంది. మళ్లీ మొదటికొచ్చాం.

ఆమె: అయితే దేన్ని చదవాలి?

ఆయన: కాంటాక్టర్ ఆగ్జిలరీ నుంచి వచ్చే రన్నింగ్ ఫీడ్‌బ్యాక్. అది వేరే ఇన్‌పుట్. ప్యానెల్‌కో అడ్రసు. లైబ్రరీకి ఎప్పటికీ తెలీదు.

ఆమె: వాడేవాడికి తెలుసు. అయితే యంత్రాన్ని కదిలించే రైట్‌కి వేరే ఫంక్షన్ పెడతాను. ఏ ఇన్‌పుట్ చూడాలి, ఎన్ని సెకన్లలో మారాలి, ఈ రెండూ ఇవ్వకపోతే కంపైల్ అవదు.

ఆయన: ఫీడ్‌బ్యాక్ తీగే లాగని ప్యానెళ్లున్నాయి. అక్కడ ఏమిస్తారు?

ఆమె: ఫీడ్‌బ్యాక్ లేదని పేరు పెట్టి రాయాలి. అప్పుడు జవాబు రాకపోతే ఫలితం ‘తెలీదు’గానే ఉంటుంది, దాన్ని నేను మార్చను. ఆ ఆప్షన్ ఎక్కడెక్కడ వాడారో కోడ్‌లో వెతికితే మీకు ప్యానెళ్ల జాబితా దొరుకుతుంది.

ఆయన: ఆ జాబితా నాకు పంపించు. తీగ నేను లాగిస్తాను.